మన యాసలో మర్యాద ఎక్కడ ఉంటుంది?

పర్లాకిమిడిలో ఒడియా మాధ్యమంలో చదువుతున్న మీ అమ్మాయి తెలుగు మోటుగా ఉందనీ, పెద్దవారిని కూడా ‘నువ్వు’ అంటోందనీ విశాఖపట్నంలోని బంధువులు అన్నారని రాశారు. ఇంట్లో ఈ యాస మాన్పించి ‘మీరు’, ‘అండి’ అలవాటు చేయాలా అని అడిగారు. నేను వంశధార ఒడ్డున కాశీనగరం దగ్గరి పల్లెలో పుట్టి, గుణుపురంలో చాలాకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడిని. ‘మీరు’ తప్పకుండా నేర్పండి. అయితే ఇప్పుడు ఆ పిల్ల నోట ఉన్న మాట తప్పని చెప్పి మాత్రం నేర్పకండి.

మన వైపు పల్లె తెలుగులో గౌరవం క్రియ చివర కన్నా పిలుపులో ఎక్కువగా ఉంటుంది. ‘నువ్వు కూకో బావూ, నాను తెస్తాను’ అన్నప్పుడు క్రియ ఏకవచనమే అయినా ఆ ‘బావూ’ (అంటే బాబూ) అన్న పిలుపులోనూ, పలికిన తీరులోనూ వినయం అంతా ఉంది. ‘అండి’ వినపడితేనే మర్యాదగా భావించే ప్రాంతం నుంచి వచ్చినవారికి అది అందదు. మా పెద్దమ్మను కీళ్ల నొప్పులకు ఒక ఆసుపత్రిలో చూపించినప్పుడు జరిగినది ఇదే. ‘నువ్విచ్చిన మందేసుకున్నాను బావూ, నొప్పి తగ్గనేదు’ అని ఆమె ఎంతో ప్రేమగా చెప్పింది. దూరప్రాంతం నుంచి వచ్చిన ఆ యువ వైద్యుడు ముఖం ముడుచుకుని, మర్యాదగా మాట్లాడటం రాదా అన్నాడు. ఆ తరువాత ఆయన ఏమి అడిగినా పెద్దమ్మ తల ఊపింది తప్ప నోరు విప్పలేదు. మాత్ర వేసుకుంటే కడుపులో మంట పుడుతోందనీ, అందుకే మధ్యమధ్యలో మానేశాననీ ఆమె చెప్పింది వరండాలోకి వచ్చాక, నాతో. నేను తిరిగి లోపలికి వెళ్లి ఆ మాట చెప్పాక గాని మందు మార్చలేదు. యాసను చిన్నచూపు చూస్తే పోయేది భాష అందం ఒక్కటే కాదు. మనిషి చెప్పవలసిన మాట కూడా లోపలే ఉండిపోతుంది.

మీ ఊరికి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను వారి నుంచే నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు. పిల్లవాడికి వచ్చిన మాటతోనే చదువు మొదలుకావాలన్న పట్టుదలే ఆయన వ్యావహారిక భాషోద్యమంలోనూ కనిపిస్తుంది. పర్లాకిమిడి 1936లో కొత్త ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ ఉద్యమం గెలిచిన తరువాత పుస్తకాల్లోకీ పత్రికల్లోకీ ప్రధానంగా వచ్చింది కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో చదువుకున్నవారి వాడుక. మన వైపు మాటకు ఆ చోటు దక్కలేదు. మీ బంధువులు ప్రమాణం అనుకుంటున్నది కూడా ఒక ప్రాంతపు మాటే అని మీ అమ్మాయికి తెలియడం అవసరం.

ఆ పిల్లకు మాట ఎంచుకోవడం కొత్త కూడా కాదు. ఒడియాలో ‘తు’, ‘తుమె’, ‘ఆపణ’ అని మూడు మెట్లు ఉన్నాయి. బడిలో ఎవరిని ఏ మెట్టు మీద నిలిపి పలకాలో ఆమె రోజూ నిర్ణయించుకుంటూనే ఉంటుంది. ఇంతకన్నా కష్టమైన పని కూడా చేస్తూ ఉండవచ్చు. మేనత్త కొడుకు తెలుగులో బావ, ఒడియాలో సాధారణంగా ‘భాయి’, అంటే అన్నో తమ్ముడో. గుణుపురంలో నా తరగతిలో ఒక అమ్మాయి తనను తీసుకువెళ్లడానికి వచ్చిన బావను ఏమని పరిచయం చేయాలో తెలియక కాసేపు తడబడి, చివరికి ‘మా అత్త కొడుకు’ అని విడమరిచి చెప్పింది. ఒక భాషలో పెళ్లాడదగిన వరస, మరో భాషలో తోబుట్టువు వరస! ఈ రెంటి మధ్య దారి వెతుక్కోగల పిల్లకు ‘అండి’ చేర్చుకోవడం ఏమంత పని?

నిజంగా మాన్పించవలసిన మాటలు వేరే ఉన్నాయి. మా చిన్నతనంలో భూమి ఉన్న ఇళ్ల పిల్లలు, తాత వయసున్న పాలేరును ‘ఒరే’ అనీ, నాట్లకు వచ్చే ముసలమ్మను ‘ఒలే’ అనీ పిలిచేవారు. ఎవరూ తప్పు పట్టేవారు కారు. అమ్మమ్మను ‘నువ్వు’ అనడంలో చనువు ఉంది, ప్రేమ ఉంది. ఆ ‘ఒరే’, ‘ఒలే’ పిలుపుల్లో ఉన్నది కులమూ, పెత్తనమూ. మీ ఇంట్లో ఇటువంటిది మిగిలి ఉంటే దిద్దుబాటు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇక ఆచరణకు వస్తే, అమ్మాయికి ముందుగా తెలుగు అక్షరాలు నేర్పించండి. ఒడియా మాధ్యమంలో చదివే మన పిల్లల్లో చాలామంది తెలుగు ధారాళంగా మాట్లాడతారు గాని చదవలేరు. కథల పుస్తకాలు చదవడం మొదలుపెట్టాక ‘మీరు’, ‘అండి’, ‘వెళ్లాను’, ‘లేదు’ వంటి రూపాలు వాటంతట అవే కంటికీ నోటికీ అలవాటవుతాయి. విశాఖపట్నం వెళ్లే ముందు అక్కడ ఎవరిని ‘మీరు’ అనాలో ఒకసారి చెప్పండి, చాలు. అమ్మమ్మతో ఫోనులో మాట్లాడుతున్నప్పుడు మాత్రం పక్కన కూర్చుని మాట దిద్దకండి.