చిన్న తరగతుల్లో పాట: మీ ప్రశ్నలు, మా జవాబులు

నేను రెండో తరగతి పిల్లలకు పాటలు నేర్పుతున్నాను. నాతో కలిసి పాడమంటే సగంమంది గొణుగుతారు, సగంమంది అరుస్తారు. ఎందుకిలా? – ఒక ఉపాధ్యాయుడు, పలాస

మాస్టారూ, తప్పు పిల్లలది కాదు, శ్రుతిది, అంటే పాటకు ఆధారంగా పెట్టుకున్న స్వరానిది. మగవాళ్ల గొంతు పిల్లల గొంతుకన్నా ఒక స్థాయి (ఒక ‘స’ నుంచి పై ‘స’ దాకా ఉన్నంత దూరం) కింద పలుకుతుంది. మీ స్వరాన్ని ఉన్నదున్నట్టు అందుకోబోయినవాళ్లకు ఆ కింది స్వరాలు పలకవు, గొణుగుడే మిగులుతుంది. మిగతావాళ్లు ఎక్కడ పట్టుకోవాలో తెలియక గొంతు చించుకుంటారు.

ఆరేడేళ్ల పిల్లలకు హాయిగా పలికే స్వరాలు కొద్దే. ఫోన్‌లో పియానో యాప్ తెరిచి డి4 మీట నొక్కండి. అదే వాళ్ల షడ్జమం (స), కర్ణాటక సంగీతం లెక్కలో రెండో శ్రుతి. అక్కడినుంచి పంచమం (ప) దాకా తిరిగే పాటలు ఎంచుకోండి. సంగీతం నేర్చుకున్న టీచర్లు అలవాటుకొద్దీ ఐదున్నర శ్రుతి పెడతారు. అంకె పెద్దదైనా అది కింది స్థాయిలోది కాబట్టి ఆ షడ్జమం ఈ వయసుకు బాగా కిందికి పోతుంది.

శ్రుతి పెట్టె మోగుతుండగా ఒక్క నిమిషం నోరు మూసుకుని ‘మ్’ అనిపించండి. తర్వాత ఒక్క పాదం రెండుసార్లు మీరు పాడండి, వాళ్లు వినాలి. మూడోసారి వాళ్లు పాడాలి, మీరు వినాలి. కలిసి పాడితే ఎవరు ఎక్కడ జారుతున్నారో మీకు వినబడదు, వాళ్లేమో మీ గొంతుమీదే ఆనుకుంటారు. స్వరం చప్పున అందుకునే పిల్లో పిల్లాడో ఉంటే ఎత్తుగడ వాళ్లచేతే పాడించండి. ‘పక్కవాడి పాట నీకు వినబడాలి’ అని చెప్పండి, అరుపు దానంతటదే తగ్గుతుంది. మొదటి పాటలకు మోహన రాగం మంచిది. స ప గ ద రి, ఈ ఐదింట్లో ఏ రెండూ మరీ దగ్గరగా ఉండవు కాబట్టి పిల్లలు తడబడరు.

ఆది తాళం వేస్తూ పాడితే చివరికొచ్చేసరికి పరుగు పెడుతున్నారు. – ఒక ఉపాధ్యాయిని, సిద్దిపేట

పరుగు ఎక్కడ మొదలవుతుందో గమనించండి. దాదాపు ఎప్పుడూ వేళ్ల దగ్గరే. ఈ తాళంలోని ఎనిమిది అక్షరాల్లో, అంటే లెక్కల్లో, మొదటిది దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు, ఆపైన దెబ్బా తిప్పుడూ రెండుసార్లు. దెబ్బకు చప్పుడుంది, వేలికి లేదు. చప్పుడు లేనిచోట పిల్లలు కాలాన్ని మింగేస్తారు.

అందుకే మొదటి రెండు తరగతుల్లో వేళ్లు వద్దు, కాళ్లు చాలు. మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మంటూ లయ చెప్పే పరికరం) నిమిషానికి 80కి పెట్టి, అడుగుకో అక్షరంగా ‘త క ధి మి’ అంటూ గదంతా నడిపించండి. కుదిరాక నాలుగు అడుగులు పైకి, నాలుగు మనసులో. మౌనం తర్వాత అందరి ‘త’ ఒక్కసారే పడితే లయ నిలబడ్డట్టే. మూడో తరగతిలో వేళ్లు మొదలుపెట్టి, వేలు తొడకు తగిలినప్పుడల్లా ‘ఒకటి, రెండు, మూడు’ అని పైకి అనిపించండి. దెబ్బ రెండువేళ్లతో అరచేతిమీద చాలు. నలభైమంది చప్పట్లు కొడితే పాట మునిగిపోతుంది.

వాద్యాలు కొనడానికి డబ్బుల్లేవు. ఏం చేయొచ్చు? – ప్రాథమిక పాఠశాల, మన్యం

200 మిల్లీలీటర్ల సీసాలో పావువంతు గింజలు పోయండి. వడ్లు మెత్తగా, చింతపిక్కలు గట్టిగా మోగుతాయి. నిండా పోస్తే గింజ కదలక చప్పుడు చచ్చిపోతుంది. మూతకు తప్పకుండా టేపు చుట్టండి, చిన్నపిల్లలు గింజలు ముక్కులో పెట్టుకుంటారు. కోలలకు అడుగు పొడవు చాలు, అంచులు గరుకు కాగితంతో రుద్దండి. అందరికీ ఒకేసారి ఇవ్వకండి. ఆరుగురు వాయిస్తే మిగతావాళ్లు పాడాలి, పాదం మారగానే చేతులు మారాలి.

మా అబ్బాయికి శ్రుతి కలవదని, వార్షికోత్సవంలో పెదాలు కదిపితే చాలన్నారు. – ఒక తల్లి, ఏలూరు

అమ్మా, అలా జరగనివ్వకండి. ఏడేళ్ల పిల్లాడికి ‘నువ్వు పాడకు’ అన్న మాట జీవితాంతం గుర్తుంటుంది. ఈ వయసులో చాలామందికి లోపం చెవిలో ఉండదు. మాట్లాడే గొంతులోంచి పాడే గొంతులోకి వెళ్లే దారి ఇంకా దొరకలేదంతే.

రోజూ రెండు నిమిషాలు అంబులెన్స్ సైరన్‌లా కిందినుంచి పైకి, పైనుంచి కిందికి ‘ఊ’ అనిపించండి. తర్వాత వాడికి తోచిన స్వరం పట్టుకోమని, మీరే వెళ్లి అందులో కలవండి. రెండు గొంతులు ఒక్కటైనప్పుడు ఎలా ఉంటుందో వాడికి అప్పుడే తెలుస్తుంది. మరునాటినుంచి మీరు అర స్వరం పైకి జరిగి, వాణ్ని రమ్మనండి. బృందగానంలో శ్రుతిలో పాడే ఇద్దరి మధ్య నిలబెట్టమని టీచరును అడగండి, వెనకవరసలో వద్దు. గొంతు బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే మాత్రం చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి.