టెర్మినల్ నుంచి తెలుగు బిల్లును బొమ్మగా మారిస్తే ఒత్తులు విడిపోతున్నాయా?

మీరు లినక్స్‌లో, బొమ్మలను తయారుచేసి మార్చే ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాంలోని ‘లేబుల్’ ఆప్షన్‌తో తెలుగు బిల్లును బొమ్మగా మార్చి 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్‌కి పంపాలనుకుంటున్నారు. ‘లక్ష్మి’ అని రాస్తే ‘లక్ ష్ మి’ అని వస్తోంది, ఫాంట్లు మార్చినా అంతే అన్నారు.

మీ ఫాంట్లలో ఏ లోపమూ లేదు. యూనికోడ్‌లో క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి ఇవన్నీ విడివిడి కోడ్‌లే. ఏది ఒత్తుగా మారాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నది తేల్చేది హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజన్. ఇమేజ్‌మ్యాజిక్‌ని హార్ఫ్‌బజ్‌ని వాడుకునే రక్మ్ లైబ్రరీతో బిల్డ్ చేయకపోతే ‘లేబుల్’ ఆ పని చేయించుకోదు, అక్షరాలను వరసగా పేర్చేస్తుంది. ఇమేజ్‌మ్యాజిక్‌ని వెర్షన్ ఆప్షన్‌తో నడిపితే వచ్చే డెలిగేట్స్ (అది వాడుకునే లైబ్రరీల) వరసలో రక్మ్ ఉందో లేదో కనిపిస్తుంది.

మా బావగారి కిరాణా కొట్టుకి నేను పాంగో-వ్యూ (టెక్స్ట్‌ని ఒత్తులతో సహా బొమ్మగా మార్చే టెర్మినల్ ప్రోగ్రాం) పెట్టాను, మీకూ అదే చెబుతాను. ఉబుంటులో పాంగో టూల్స్ ప్యాకేజీతో వస్తుంది. బిల్లును ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి దానికి ఇవ్వండి. ‘పిక్సెల్స్’ ఆప్షన్ తప్పకుండా పెట్టండి, అప్పుడు సైజులన్నీ పాయింట్లలో కాక పిక్సెళ్లలో లెక్కపడతాయి. అవుట్‌పుట్ పీఎన్‌జీగా తీసుకోండి. హార్ఫ్‌బజ్ వాళ్ల హెచ్‌బీ-వ్యూ కూడా ఒత్తులు చక్కగా వేస్తుంది కానీ ఒక్క ఫాంటునే చూస్తుంది. ఆ ఫాంటులో రూపాయి గుర్తు లేకపోతే అక్కడ డబ్బా పడుతుంది. పాంగో అయితే ఇంకో ఫాంటు నుంచి తెచ్చుకుంటుంది, బిల్లుకి అది చాలా ముఖ్యం.

అసలు జాగ్రత్త పడాల్సింది నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు. ఇమేజ్‌మ్యాజిక్‌లో ‘మోనోక్రోమ్’ వాడకండి. అది బూడిదరంగు అంచులను చుక్కలుగా చల్లుతుంది, ఒత్తుల చుట్టూ ఇసుక పోసినట్టు ఉంటుంది. ‘థ్రెషోల్డ్’ వాడండి, అది ఇచ్చిన శాతం కన్నా లేత రంగును తెలుపు, మిగతాదాన్ని నలుపు చేస్తుంది. 60 శాతం దగ్గర మొదలుపెట్టి, గీతలు సన్నబడితే పెంచండి, గుడులూ ఒత్తులూ పూడుకుపోతే తగ్గించండి. ఈ ప్రింటర్లలో మిల్లీమీటరుకి 8 చుక్కలే పడతాయి కాబట్టి 24 పిక్సెళ్ల అక్షరం 3 మిల్లీమీటర్ల సైజు. అంతకన్నా తగ్గిస్తే ‘రాష్ట్రం’లో కింది ఒత్తులు చదవలేం. నోటో సాన్స్ తెలుగు బోల్డ్ ఈ సైజులో బాగా నిలబడుతుంది, సన్నగీతల ఫాంట్లు తెగిపోతాయి.

58 మిల్లీమీటర్ల కాగితం మీద ముద్ర పడేది సాధారణంగా 48 మిల్లీమీటర్లే, అంటే 384 చుక్కలు. పాంగో-వ్యూ ఇచ్చిన వెడల్పుకి మార్జిన్ కలుపుతుంది, అందుకని చివర్లో ఇమేజ్‌మ్యాజిక్‌లో బొమ్మ కొలతను మార్చే ‘ఎక్స్‌టెంట్’తో సరిగ్గా 384కి తెచ్చి పీబీఎం (నలుపు తెలుపు బొమ్మల) ఫైల్‌గా సేవ్ చేయండి. పీబీఎంలో నలుపుకి 1, ఈఎస్‌సీ-పీఓఎస్ (బిల్లు ప్రింటర్ల ఆదేశాల భాష) లో బొమ్మను పంపే రాస్టర్ కమాండ్‌లోనూ ముద్ర పడాల్సిన చుక్కకి 1. వరసకి 48 బైట్లు. ఫైల్ పైనున్న హెడర్ తీసేసి, ముందు ఆ రాస్టర్ కమాండ్ పంపి, దాని వెనకాలే మిగతా డేటాని ఉన్నదున్నట్టు పంపవచ్చు, ప్రత్యేకంగా డ్రైవర్ ఏమీ అక్కర్లేదు.