ఎవరి పేరు ముందు?

ప్రశ్న: సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఊరూరా తిరిగి ప్రశ్నావళి నింపించింది నేను, లెక్కలు చూసింది నా స్నేహితురాలు. పేపర్లో ఎవరి పేరు ముందుండాలో తేలక మాటలు ఆగిపోయాయి.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మాయీ, మా రోజుల్లోనూ ఇదే టెన్షన్. నేనైతే అలిగి ఏడాదిపాటు తోటి లెక్చరర్‌తో టీ కూడా తాగలేదు! జెరూసలెం హీబ్రూ యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 1969లో జతకట్టారు. పక్కపక్కనే కూర్చుని రాసేవారు. రోజుకు ఒకటి రెండు వాక్యాలు కుదిరితే అదే గొప్ప. ఇక వాటాలు తేల్చేదెలా? మొదటి పేపరుకు బొమ్మా బొరుసూ వేశారు. 1971లో అచ్చయినప్పుడు ట్వెర్‌స్కీ పేరు ముందుంది. ఆ తర్వాత వంతులు. మీ పనులు వేరు కాబట్టి నాణెం వద్దు. ఆలోచన ఎవరిది, మొదటి చిత్తుప్రతి ఎవరిది అన్నది ఇద్దరూ కూర్చుని రాసుకోండి. రెండో పేపరు సంగతి కూడా అప్పుడే తేల్చేయండి.