బడికి ఏఈడీ మిషన్ కొనాలా, ముందు సీపీఆర్ నేర్పించాలా?

మీరు అడిగింది ఇదీ: ఒంగోలులో మీ పాప చదివే స్కూలుకు పేరెంట్స్ కమిటీ తరఫున ఏఈడీ మిషన్ (గుండె ఆగి పడిపోయిన మనిషికి షాక్ ఇచ్చేది) కొనిపిద్దామంటే, "లక్ష పోసి కొని బీరువాలో పెట్టుకోడానికా? పిల్లలకు సీపీఆర్ నేర్పితే చాలదా?" అని మేనేజ్‌మెంట్ అంటోంది. ఎవరి మాట సబబు అని.

నేను డాక్టర్ని కాదు. నెల్లూరు జిల్లా మెట్టలో, ఉదయగిరి వైపు ఒక హైస్కూల్లో పీఈటీని. నా లెక్కలో రెండూ కావాలి, కాకపోతే వరస తప్పకూడదు. సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కడం, ఈ నెలలోనే మొదలుపెట్టించండి, మిషన్ వచ్చేదాకా ఆగొద్దు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా స్టాఫ్‌రూమ్‌లో జరిగింది చెప్పాలి.

ఎనిమిదేళ్ల కిందటి మాట. మధ్యాహ్నం బెల్లు కొట్టాక మా సోషల్ మాస్టారు మెట్లు దిగి వచ్చారు. కుర్చీ లాక్కోబోతూ అలాగే పక్కకు ఒరిగిపోయారు. ఫిట్స్ అనుకుని ఒకరు సైకిల్ తాళాల గుత్తి తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఒకరు మొహాన నీళ్లు కొట్టారు. నేను అరికాళ్లు రుద్దాను. ఆయన నోరు తెరిచి, ఆగి ఆగి, గురక లాంటి శబ్దంతో ఊపిరి లాగుతున్నారు. "ఊపిరాడుతోందిలే, ఏం ఫర్వాలేదు" అన్నది నేనే. అది ఎగఊపిరి. గుండె ఆగిన మనిషిలో మొదటి కొద్ది నిమిషాలు కనిపించేది అదేననీ, దాన్ని ఊపిరి కింద లెక్కపెట్టకూడదనీ తర్వాత తెలిసింది. 108 వచ్చేలోపు కారులో వేసుకుని బయల్దేరాం. దారిలోనే పోయారు. సీపీఆర్ చేసి ఉంటే బతికేవారా అంటే ఎవరూ చెప్పలేరు. కానీ ఆ గదిలో ఏడుగురం చదువుకున్నవాళ్లం, ఒక్కరి చెయ్యి కూడా ఆయన ఛాతీ మీద పడలేదు.

నాకు మొదట నేర్పింది నర్సు ఉద్యోగం చేసే మా అక్క కూతురు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు హాల్లో నేల మీద గట్టి దూది దిండు వేసి నొక్కమంది. నాలుగు సార్లు నొక్కానో లేదో, "మామా, నువ్వు బుజ్జగిస్తున్నావు, నొక్కట్లేదు" అంది. పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మోచేతులు వంగకూడదు, భుజాలు అరచేతులకు సరిగ్గా పైన ఉండాలి, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకే నాకు చెమటలు పట్టాయి. రోజూ గ్రౌండులో తిరిగేవాణ్ణి, నాకే అలా ఉంది. అందుకే దీన్ని ఒక్కరి పనిగా కాకుండా, రెండు నిమిషాలకొకరు మారేలా జట్టు పనిగా నేర్పాలి.

పిల్లలకు నేర్పేటప్పుడు నాకు తగిలిన మొదటి అడ్డంకి తెలుగు అంకెలు! 30 సార్లు లెక్కపెట్టమంటే ఒకటి నుంచి పది దాకా బాగానే పోతారు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది దగ్గరికొచ్చేసరికి మాట పొడవైపోయి చెయ్యి నెమ్మదిస్తుంది. ఇరవై దాటాక నత్తనడకే. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె "సార్, పది దాకానే మూడు సార్లు లెక్కపెడితే పోలా?" అంది. అప్పటి నుంచి మా బళ్లో అదే పద్ధతి. ఇంకో సంగతి. అమ్మాయి పడిపోతే బట్టలు సడలించడానికి అందరూ వెనకాడతారు. మా అమ్మాయిలు చుట్టూ నిలబడి చున్నీలు అడ్డం పట్టడం ప్రాక్టీస్ చేశారు. ఇది ఏ చార్టులోనూ ఉండదు కానీ మన ఊళ్లలో ఇది లేకుండా పని నడవదు.

ఎవరికి చెయ్యాలో కూడా చెప్పకపోతే అసలుకే మోసం. మాట్లాడుతున్న మనిషికి గుండెల్లో నొప్పంటే అది గుండెపోటు కావచ్చు. కూర్చోబెట్టి 108కి చెయ్యాలి, ఛాతీ నొక్కకూడదు. భుజం తట్టి పిలిచినా పలక్కుండా, ఊపిరి లేకుండా, లేదా ఎగఊపిరితో పడి ఉంటే అప్పుడు సీపీఆర్. వాట్సాప్‌లో కళ్లు తెరిచి చూస్తున్న మనిషి ఛాతీ నొక్కే వీడియోలు తిరుగుతుంటాయి. వాటిని చూసి నేర్చుకోవద్దని పిల్లలకు పదేపదే చెబుతాను. నేర్చుకోనివాళ్లు ఛాతీ నొక్కినా చాలు. కానీ చిన్నపిల్లలకూ, నీళ్లలో మునిగినవాళ్లకూ నోటితో ఊపిరివ్వడం కూడా ముఖ్యం, 30 నొక్కుళ్లకు 2 ఊపిర్లు. కొత్తపట్నం, మైపాడు బీచ్‌లకు పిల్లల్ని తీసుకెళ్లే బళ్లు ఇది వదలకూడదు. మా మెట్టలో నాకు ఎక్కువ భయం బోరు మోటారు స్టార్టర్ల దగ్గర షాకు కొట్టడం. అక్కడ ముందు కరెంటు ఆపాలి, తర్వాతే మనిషిని ముట్టుకోవాలి.

ఇక మిషన్. "సీపీఆర్ నేర్పితే చాలు" అన్న మీ మేనేజ్‌మెంట్ మాటతో నేను ఒప్పుకోను. సీపీఆర్ మెదడుకు రక్తం అందేలా చేసి టైము నిలబెడుతుంది, అంతే. గుండె కొట్టుకోవడం మానేసి గిలగిలలాడుతుంటే దాన్ని దారిలో పెట్టేది షాక్. సీపీఆర్ కూడా చెయ్యకపోతే, అది ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని లెక్క. 108లో అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ బండ్లలో డీఫిబ్రిలేటర్, అంటే ఆ షాక్ ఇచ్చే మిషన్, ఉంటుంది, కానీ బండి రావాలి కదా. 2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్ మ్యాచ్ మధ్యలో కుప్పకూలితే, మైదానంలోనే సీపీఆర్ చేసి షాక్ ఇచ్చి బతికించారు. ఆ దేశంలో 2005 నుంచి బళ్లలో సీపీఆర్ తప్పనిసరి. మన దగ్గర 2022లో మంత్రి గౌతమ్ రెడ్డి గారు 50 ఏళ్లకే పోయినప్పుడు నెల్లూరంతా గుండె గురించే మాట్లాడింది. నెల తిరిగేసరికి ఆ మాటే లేదు.

పిల్లలు పొరపాటున ఎవరికైనా షాక్ కొడతారేమో అన్న టెన్షన్ వద్దు. ప్యాడ్లు అంటించాక మిషనే గుండె లయ చూస్తుంది, అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు. కొనేముందు కొన్ని అడగండి. మాకు ట్రైనింగ్‌లో చూపించింది ఇంగ్లీషులో మాట్లాడింది, "డోంట్ టచ్ ది పేషెంట్" అనగానే మా ఆయా ఇంకాస్త దగ్గరికి జరిగింది! తెలుగు ఉన్న మోడల్ దొరుకుతుందేమో కనుక్కోండి. దొరక్కపోతే ఆ నాలుగు మాటలూ అందరితో కంఠతా పట్టించండి. ప్యాడ్లకూ బ్యాటరీకీ ఎక్స్‌పైరీ ఉంటుంది, ప్యాడ్లకు మామూలుగా రెండేళ్లు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఇప్పుడే రాయించుకోండి. 8 ఏళ్ల లోపు పిల్లలుంటే చిన్నపిల్లల ప్యాడ్లో, చైల్డ్ మోడో ఉండాలి. చాలా మిషన్లు 50 డిగ్రీల దాకానే తట్టుకుంటాయి, కాబట్టి మన ఎండల్లో రేకుల గదిలో పెట్టొద్దు. డబ్బాలో ఒక తువ్వాలు, రేజరు, కత్తెర ఉంచండి. చెమటతో తడిసిన ఛాతీకి ప్యాడ్ అంటుకోదు, తాయెత్తో గొలుసో ఉంటే పక్కకు జరపాలి.

ఖర్చు మాటకొస్తే ట్రైనింగ్‌కు పెద్దగా కాదు. 12 ఏళ్లు దాటిన పిల్లలకు ఏడాదికి రెండు గంటలు నేర్పమన్న పిలుపును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సమర్థించింది. మేం 7వ తరగతి నుంచి రెండు శనివారాలు తీసుకుంటాం. బొమ్మ దొరికితే మంచిదే, లేకపోతే దిండుతో మొదలుపెట్టండి. చిన్న తరగతులకు పడిపోయిన మనిషిని గుర్తుపట్టడం, గట్టిగా అరిచి పెద్దవాళ్లను పిలవడం, 108కి ఊరి పేరు, గుర్తు సరిగ్గా చెప్పడం చాలు. పోలీసు కేసు భయం చాలామందికి ఉంది. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ప్రాణం కాపాడాలని సదుద్దేశంతో చేసిన పనికి క్రిమినల్ చట్టంలోనూ రక్షణ ఉంది.

మా బళ్లో ఇంకా మిషన్ లేదు. పూర్వ విద్యార్థులను అడుగుతున్నాం, సగం డబ్బు పోగైంది. మా పిల్లల సీపీఆర్ కూడా ఇప్పటిదాకా ఎవరికీ అవసరపడలేదు. పోయినేడు తిరునాళ్లలో ఒకాయనకు ఫిట్స్ వస్తే, జనం తాళాలు తెస్తుంటే, మా పదో తరగతి పిల్లాడు "తాళాలొద్దు, పక్కకు తిప్పండి" అని అడ్డుపడి, ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాడట. వాళ్ల నాన్న వచ్చి చెప్పాడు.

మీ కమిటీ మీటింగులో ధర దగ్గరే ఆగిపోవద్దు. ఆదివారం సాయంత్రం గ్రౌండులో పిల్లలు ఆడుతుంటే ఆ డబ్బా ఉన్న గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడిగి, ఆ పేరు మినిట్స్‌లో రాయించండి.