బెంగళూరులో స్కూళ్ళు ముందే తెరుస్తారు: కొత్తగా వచ్చినవాళ్ళు పిల్లల్ని ఎలా సర్దుకునేలా చేయాలి

ఆంధ్రాలో, తెలంగాణలో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. బెంగళూరులో మే ఆఖరి వారానికో జూన్ ఒకటికో గేట్లు తీసేస్తారు. ఈ తేడా కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకి మొదటి ఏడాది తెలియదు, తెలిసేసరికి పిల్లాడు భీమవరంలోనో కరీంనగర్‌లోనో అమ్మమ్మ ఇంట్లో ఉంటాడు, మామయ్య పిల్లలకి ఇంకా సెలవులే, మామిడికాయలు ఇంకా గడ్డిలో మగ్గుతూనే ఉంటాయి, వీడొక్కడి బట్టలు సర్ది బస్సెక్కిస్తారు. ఇంక వాడు ఏడవకుండా ఎలా ఉంటాడు చెప్పండి.

"మా వాడికి స్కూలంటే ఇష్టం లేదండీ" అని నాతో అన్నవాళ్ళలో చాలామంది పిల్లలకి అసలు బాధ ఊరు వదిలి రావడం. అందుకే టికెట్ల దగ్గరే మొదలుపెట్టండి. ఆదివారం పొద్దున మడివాళలోనో మారతహళ్ళిలోనో బస్సు దిగి, సోమవారం యూనిఫాం వేసుకోమంటే పెద్దవాళ్ళకే ఆఫీసుకెళ్ళాలనిపించదు. ఐదారు రోజులు ముందే వచ్చేయండి. వచ్చాక గంటకోసారి వీడియో కాల్ కలిపి అక్కడ పిల్లలు ఆడుకోవడం చూపించకండి, అది పుండు మీద కారం చల్లడమే. సాయంత్రం ఒక్కసారి అమ్మమ్మతో మాట్లాడిస్తే చాలు.

ఆ ఐదారు రోజుల్లో చేయాల్సిన పెద్ద పని నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ పుణ్యమా అని స్కూల్ బస్సు ఏడింటికే మీ గేటు ముందుకొస్తుంది, అంటే ఆరింటికి లేవాలి, అంటే రాత్రి తొమ్మిదిలోపే పడుకోవాలి. ఊళ్ళో పదకొండు దాకా డాబా మీద కబుర్లు చెప్పుకున్న పిల్లాణ్ణి ఎనిమిదిన్నరకి లైటు తీసేసి పడుకోమంటే దొర్లుతాడే తప్ప నిద్రపోడు. రాత్రి సంగతి వదిలేసి పొద్దున లేపడం మొదలుపెట్టండి, రోజుకో పావుగంట ముందుకి. రాత్రి నిద్ర దానంతటదే దారికొస్తుంది.

ఇక అసలు విషయం. పిల్లల భయం స్కూల్ మొత్తం మీద ఉండదు, స్కూల్లో ఏదో ఒక్క చోట ఉంటుంది. ఆ చోటేదో మనం కనుక్కోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో మూడో తరగతి పాప ఒకతి, రాజమండ్రి నుంచి వచ్చారు వాళ్ళు, రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేది. వాళ్ళమ్మ ఇడ్లీ మానిపించింది, పాలు మానిపించింది, నులిపురుగుల మందు వేసింది. ఏం తగ్గలేదు. ఆ అమ్మాయి నీళ్ళ సీసా మాత్రం రోజూ నిండుగా వెనక్కి వచ్చేది, బస్సు దిగగానే బ్యాగు విసిరేసి బాత్రూమ్‌కి పరుగెత్తేది. స్కూల్లో ఆ ఫ్లోర్ టాయ్‌లెట్ తలుపుకి గడియ పడదట, ఎవరైనా తోసుకొస్తారని భయపడి రోజంతా నీళ్ళే తాగకుండా ఉండేది. తెలిశాక డైరీలో క్లాస్ టీచర్‌కి రెండు లైన్లు రాశారు, గడియ బాగుచేసేదాకా పక్క బెంచీ పిల్లని తోడు పంపిస్తామన్నారు, కడుపునొప్పి పోయింది. "స్కూలంటే భయపడకూడదమ్మా, నువ్వు ధైర్యవంతురాలివి" అని ఎన్ని వారాలు చెప్పినా పోయేది కాదు.

కనుక్కోవడం ఎలా అంటారా. "స్కూల్ ఎలా ఉందిరా" అంటే "బానే ఉంది" అంటారు, అంతకుమించి ఒక్క ముక్క రాదు. బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారు, లంచ్‌లో డబ్బా ఎవరితో కలిసి తిన్నావు, ఏ పీరియడ్ తొందరగా అయిపోతే బాగుండు అనిపించింది, ఇలా అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేయకండి, స్కూటర్ మీద వెళ్తున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో మాటల్లో మాటగా అడిగితే వాళ్ళే చెప్పేస్తారు. చాలా స్కూళ్ళలో ఏటా సెక్షన్లు కలిపి మళ్ళీ విడగొడతారు, కిందటేడు ప్రాణస్నేహితుడు ఈ ఏడు వేరే సెక్షన్‌కి పోతాడు. మనకది చిన్న సంగతి, వాడికి అదే పెద్ద కష్టం. "కొత్త ఫ్రెండ్స్ వస్తార్లే" అని తేల్చేయకుండా ఆ పాత ఫ్రెండ్‌ని శనివారం ఇంటికి పిలవండి.

మన పిల్లలకి ఇక్కడ ప్రత్యేకంగా వచ్చే టెన్షన్ కన్నడ పీరియడ్. కర్ణాటకలో 2015లో చట్టం చేసి, 2017-18 నుంచి ఒకటో తరగతితో మొదలుపెట్టి, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ స్కూళ్ళలో కూడా కన్నడ చెప్పాలన్నారు. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకి లిపి త్వరగానే పట్టుబడుతుంది, చాలా అక్షరాలు మనవాటిలాగే ఉంటాయి కదా. తెలుగు కూడా రాని పిల్లలకే కష్టం. మొదటి ఏడాది ఆ మార్కుల జోలికి వెళ్ళకండి, ముందు వాచ్‌మన్‌తో, బస్సులో ఆయమ్మతో నాలుగు మాటలు మాట్లాడనివ్వండి. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి: "మన ప్రాణానికి ఈ కన్నడ ఒకటి" అని మీరు డైనింగ్ టేబుల్ దగ్గర అంటుంటే, మర్నాడు వాడు ఆ పుస్తకం తీస్తాడా?

అమెరికా నుంచి తిరిగి వచ్చేవాళ్ళది ఇంకో తిప్పలు. అక్కడ బడులు మే చివర్లోనో జూన్‌లోనో మూసేస్తారు, ఇక్కడ అప్పటికే తెరిచేసి ఉంటారు. పిల్లలకి ఆ ఏడు వేసవి సెలవులు లేనట్టే. పైగా టీచర్ రాగానే లేచి నిలబడటం, బోర్డు మీదిది గబగబా నోట్సులోకి ఎక్కించడం, తన ఇంగ్లీషు విని పక్కవాళ్ళు నవ్వడం, అన్నీ ఒకేసారి మీద పడతాయి. స్కూల్‌తో మాట్లాడి ఓ వారం ఆగి చేర్పించండి, కొంప మునగదు.

గేటు దగ్గర ఏడుపు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ముద్దు పెట్టి, "సాయంత్రం బస్సు దగ్గర ఉంటా" అని చెప్పి వచ్చేయండి. చెప్పకుండా మాయమవ్వకండి, "ఐదు నిమిషాల్లో వస్తా" అని అబద్ధం చెప్పకండి, కిటికీలోంచి తొంగి చూడకండి. నాయనమ్మగారు కూడా వస్తానంటే మొదటి వారం వద్దనండి, ఆవిడ కళ్ళు తుడుచుకుంటే పిల్లాడు రెట్టింపు ఏడుస్తాడు. "వెళ్ళకపోతే హాస్టల్లో వేసేస్తా" అనే మాట మాత్రం మన ఇళ్ళలో ఇక మానేయాలి. వాళ్ళు నిజంగానే నమ్ముతారండీ, రాత్రుళ్ళు అదే కలలోకి వస్తుంది.

రెండు మూడు వారాలు పేచీ పెట్టడం మామూలే. అది దాటాక కూడా సెలవు రోజుల్లో రాని కడుపునొప్పి ప్రతి సోమవారం వస్తుంటే, తిండీ నిద్రా తగ్గిపోతే, పుస్తకాలు చింపుకుని ఒంటిమీద దెబ్బలతో వచ్చి ఏం జరిగిందో చెప్పకపోతే మొండితనం అని కొట్టిపారేయకండి. ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి. అవసరమైతే హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది, పిల్లలకి ప్రత్యేక విభాగమే ఉంది అక్కడ, బయటి రాష్ట్రాలవాళ్ళు రాత్రంతా ప్రయాణం చేసి వస్తారు, మనకది ఊళ్ళోనే. ముందు ఫోన్‌లో అడుగుదాం అనుకుంటే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఎవరైనా పిల్లని కొడుతున్నారనో ఇబ్బంది పెడుతున్నారనో అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి.

మళ్ళీ ఊరెళ్ళేది ఎప్పుడో పిల్లలకి తేదీతో సహా చెప్పండి, క్యాలెండర్ మీద వాళ్ళ చేతే గుండ్రంగా చుట్టించండి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరు ముందు 120 ఉండేది, కాబట్టి దసరా ప్రయాణానికి ఆగస్టులో కాచుకుని ఉండాల్సిందే. సంక్రాంతికి మళ్ళీ ఇదే గొడవ వస్తుంది, ఆంధ్రాలో వారానికి పైగా సెలవులు, ఇక్కడ పండగ ఒక్కరోజే. మేమైతే ఆ రెండు మూడు రోజులకి డిసెంబరులోనే క్లాస్ టీచర్‌కి లీవ్ లెటర్ ఇచ్చేస్తాం, ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. యూనిట్ టెస్టుల తేదీలు మాత్రం ఒకసారి చూసుకుని బుక్ చేసుకోండి.