తిరుపతిలో నెలకో నవల గుంపు నడుస్తుందా? నచ్చనివాళ్ళకు ముందు మైకు ఇస్తే నడుస్తుంది

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం మీద తిరుపతికి కొత్తగా వచ్చారు, నవలలు చదివే అలవాటుంది, నలుగురినీ పోగుచేసి నెలకో నవల చదివి మాట్లాడుకోవాలని ఉంది. కానీ అందరూ ‘బాగుంది’ అనేసి టీ తాగి వెళ్ళిపోతారేమో, లేకపోతే గొడవలొచ్చి రెండో నెలకే ఆగిపోతుందేమోనని టెన్షన్. చదవకుండా వచ్చేవాళ్ళను ఏం చెయ్యాలని కూడా అడిగారు.

మా గుంపు బాలాజీ కాలనీలో ఒక మిద్దె మీద కొన్నేళ్ళుగా నడుస్తోంది. ఆ అనుభవంతో చెబుతున్నాను. మీ రెండు భయాల్లో పట్టించుకోవలసింది మొదటిదే. నవల మీద గొడవపడి ఆగిపోయిన గుంపును నేను చూడలేదు. ‘బాగుంది’ అనుకుంటూ అనుకుంటూ ఆగిపోయినవి మాత్రం చూశాను.

అందరికీ నచ్చిన నవల వచ్చిన నెలంత చప్పటి నెల ఇంకోటి ఉండదు. మాకూ అలాంటిదొకటి తగిలింది. పేరు చెప్పను, పాపం, నిజంగా మంచి నవలే. ఒకరు ‘శైలి అద్భుతం’ అన్నారు. ఇంకొకరు ‘అవునవును, కళ్ళకు కట్టినట్టుంది’ అన్నారు. మూడో ఆయన తలూపారు. అంతే, పావుగంటకు మాటలు అయిపోయాయి. ఆ తర్వాత సాయంత్రమంతా కరెంటు బిల్లులు, కొండ మీద రద్దీ, పిల్లల ఇంటర్ మార్కులు.

అందుకే మా దగ్గర ఒకటే నియమం. నవల ఎవరికి నచ్చలేదో వాళ్ళే ముందు మాట్లాడాలి. ఇది వినడానికి చిన్నగా ఉంటుంది గానీ మన ఊళ్ళలో చాలా అవసరం. మనం పెద్దవాళ్ళ ముందు మర్యాదకు తగ్గుతాం కదా. ఒక పెద్దాయన మొదటే ‘ఇది గొప్ప నవల’ అని తేల్చేస్తే, పాతికేళ్ళ పిల్లాడు ‘నాకు విసుగొచ్చింది సార్’ అని ఎందుకంటాడు? మా గుంపులో రిటైరైన తెలుగు సార్ ఒకరున్నారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళూ ఆ గుంపులోనే ఉన్నారు. సార్ నోరు తెరిస్తే వాళ్ళు మూసుకుంటారు. చివరికి ఆయనకే చెప్పాం, మీ వంతు ఎప్పుడూ ఆఖర్న అని. ఆయన నవ్వి, “సర్వీసంతా నేనే మాట్లాడాను. ఇప్పుడు విననీండి నాయనా” అన్నారు. ఆయన వినడం మొదలుపెట్టాకే మిగతావాళ్ళకు గొంతు వచ్చింది.

ఉదాహరణ కావాలంటే డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ చదివిన నెల చెబుతాను. 1957-58లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. కథ జరిగేది విశాఖపట్నంలో. ఇందిర అనే అమ్మాయి ఉద్యోగం చేసి తండ్రి ఆనందరావును పోషిస్తుంటుంది. వాళ్ళ మేడ మీద గదిలో ప్రకాశం అనే మెడికల్ స్టూడెంట్ అద్దెకుంటాడు. మనిషి మంచివాడే, కానీ ఏ నిర్ణయమూ సొంతంగా తీసుకోలేడు. చదవనివాళ్ళ కోసం ఇంతకు మించి చెప్పను.

ఆ రోజు మొదట మాట్లాడింది ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్. “ఇందిర స్వార్థపరురాలు. తనకేం కావాలో తప్ప ఆ పిల్లకు ఎవరూ పట్టరు” అని గట్టిగానే అన్నాడు. బ్యాంకులో పనిచేసే అక్క ఊరుకోలేదు. “నెల తిరిగేసరికి ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఎవరి జీతంతో తమ్ముడూ? తన గురించి తను ఒక్కసారి ఆలోచించుకుంటే స్వార్థమా?” అంది. అంతవరకు మూలన కూర్చుని ఫోన్ చూసుకుంటున్న మెడికల్ కాలేజీ అమ్మాయి తలెత్తి, “మీరిద్దరూ ఇందిరనే అంటున్నారు, ప్రకాశాన్ని ఎవరూ ఏమీ అనరేం? మా బ్యాచ్‌లో సగం మంది ప్రకాశాలే. ఇంటికి ఫోన్ చేసి అడక్కుండా షర్ట్ కూడా కొనరు” అంది. ఇక చూస్కోండి. పెళ్ళి చూపుల మీదికి పోయింది, తల్లిదండ్రుల మీదికి పోయింది, మళ్ళీ నవలలోకి వచ్చింది. సార్ వంతు వచ్చేసరికి చీకటి పడింది. ఆయన ఒక్క మాటే అన్నారు: “డెబ్భై ఏళ్ళ కిందటి పిల్ల గురించి ఈ రోజు జరిగినట్టు కొట్లాడుకున్నారు. నేను చెప్పేదేముంది?” లెక్చరర్ తన మాట మార్చుకోలేదు, అక్కా మార్చుకోలేదు. ఇద్దరూ ఒకే స్కూటర్ మీద ఇంటికి పోయారు, వాళ్ళది ఒకే వీధి.

కాబట్టి నవల ఎంచుకునేటప్పుడు ‘ఇది గొప్పదా’ అని కాకుండా ‘దీని మీద మనవాళ్ళు రెండుగా చీలతారా’ అని చూడండి. మంచీ చెడూ చెరో పక్క పేర్చినట్టుండే నవలలు పనికిరావు. మనం ఇష్టపడాలో కోప్పడాలో తేలని మనిషి కథలో ఒకరుండాలి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు అలాంటివాడే. ఆ మనిషి మీద జాలిపడేవాళ్ళూ, రెండు తగిలించాలనేవాళ్ళూ ప్రతి గుంపులోనూ దొరుకుతారు.

మీరుండేది తిరుపతి కాబట్టి ఇంకో మాట. చిత్తూరు సీమ రచయితలతో మొదలుపెట్టండి. డాక్టర్ కేశవరెడ్డి పుట్టింది చిత్తూరు జిల్లా తలుపులపల్లిలో, 1946లో. డాక్టర్‌గా ఎక్కువకాలం పనిచేసింది నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో. అంత దూరంలో ఉండి కూడా రాసింది ఎక్కువగా ఇక్కడి పల్లెలనే, ఇక్కడి మాటతోనే. 2015లో పోయారు. ఆయన ‘అతడు అడవిని జయించాడు’ పలచటి పుస్తకం. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన పొద్దుగూకే వేళ అడవిలోకి పోతాడు. ఆ రాత్రే కథంతా.

మేం అది చదివిన నెల టౌన్లో పెరిగినవాళ్ళం పెద్ద పెద్ద మాటలు మాట్లాడాం. మనిషికీ ప్రకృతికీ పోరాటం, ఒంటరితనం, గెలుపంటే ఏమిటి, ఇలాంటివి. భాకరాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ ఆటో స్పేర్ పార్టుల షాపు నడిపే అన్న ఒకాయన అంతా విని, “అదంతా సరే గానీ, ఈనబోయే పంది పోతే ఆ ఇంటికి ఎంత నష్టమో ఎవరైనా లెక్కేశారా?” అన్నాడు. తనే లెక్కేసి చెప్పాడు. ఒక ఈతకు ఎన్ని పిల్లలు, అందులో ఎన్ని బతుకుతాయి, ఎన్నాళ్ళకు అమ్ముడుపోతాయి, ఆ డబ్బుతో ఏ అప్పు తీరుతుంది. అడవి రాత్రిపూట ఎలా వినిపిస్తుందో, నక్క కూత దగ్గరదా దూరందా ఎలా తెలుస్తుందో కూడా చెప్పాడు. మేమంతా ముసలాయన మొండితనం అనుకున్నది ఈ అన్న మాటల్లో బతుకు లెక్కగా మారింది. ఆయన నవలలు తక్కువ చదువుతాడు. అయినా మా గుంపులో నేను ఎదురుచూసేది ఆయన మాట కోసమే. మీ గుంపులో అందరూ సాహిత్యం చదివినవాళ్ళే అయితే అదొక లోటు, ముందే చెబుతున్నాను.

అదే రచయిత ‘మునెమ్మ’ మాత్రం మొదటి నెలల్లో పెట్టకండి. ఎద్దును అమ్మడానికి సంతకు పోయిన భర్త తిరిగిరాడు, మునెమ్మ వెతుక్కుంటూ బయల్దేరుతుంది. మునెమ్మకూ ఆ ఎద్దు బొల్లిగిత్తకూ ఉన్న బంధం మీద నవల వచ్చినప్పుడే సాహిత్యలోకంలో పెద్ద చర్చ నడిచింది. ‘ఆడవాళ్ళ ముందు ఇదెలా మాట్లాడతాం’ అని మా మగవాళ్ళే నసిగారు. ఆడవాళ్ళు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా మాట్లాడారు, చాలా సూటిగా. ఒకరికొకరు అలవాటైన తర్వాత పెట్టుకుంటే బాగుంటుంది.

లావు పుస్తకాల జోలికి తొందరపడి పోవద్దు. ‘వేయిపడగలు’ చదవాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. చదవాలి కూడా. కానీ నెలలో అవదు, మూడు నెలలకు పంచుకోవాలి, మధ్యలో సగం మంది జారిపోతారు. పి.వి. నరసింహారావు గారు దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారంటే ఆ ఓపికకు ఒక దండం. మనకు రెండు వందల పేజీల లోపు చాలు.

పుస్తకాలు దొరకడం ఇంకో తలనొప్పి. పాత తెలుగు నవల ఏ నెలలో ప్రింటులో ఉంటుందో చెప్పలేం. అందుకని రెండు నెలల ముందే పేరు ఖాయం చేసుకుని, షాపులో కాపీలు ఉన్నాయో లేదో కనుక్కున్నాకే గ్రూపులో ప్రకటించండి. పీడీఎఫ్‌లు పంచుకోవడం గురించి మా దగ్గర ఒక పద్ధతుంది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్ళ వరకు కాపీరైట్ ఉంటుంది. శ్రీదేవి పోయింది 1961లో, గోపీచంద్ 1962లో. కాబట్టి ఆ ఇద్దరి రచనల స్కాన్లు పంచుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. కేశవరెడ్డి పుస్తకాలైతే కొనాల్సిందే. ఇద్దరు కలిసి ఒక కాపీ కొనుక్కున్నా ఫర్వాలేదు, నెల మొదట్లో ఒకరు, చివర్లో ఇంకొకరు చదువుకోవచ్చు.

రోజు సంగతి. శనివారం వద్దు, ఆ రోజు ఊరు యాత్రికులది. ఆదివారం సాయంత్రం మంచిది. బ్రహ్మోత్సవాల నెలలో కలవాలని పంతం పట్టకండి. సగం మందికి కొండ మీద డ్యూటీ, మిగతా సగం ఇళ్ళలో చుట్టాలు. మే నెలలో గంగమ్మ జాతర వారం కూడా వదిలెయ్యండి. ఒకసారి జాతర రోజుల్లోనే పెట్టుకుంటే, జాతరలో భక్తులు వేసే బైరాగి వేషం తీయకుండానే ఒక తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. ఒళ్ళంతా తెల్లటి నామం పూత. నవల గురించి చాలా బాగా మాట్లాడాడు, ఎవరూ వినలేదు, అందరూ అతన్నే చూస్తూ కూర్చున్నారు. చోటు కోసం మొదట ఒక పార్కులో ప్రయత్నించాం, పిల్లల గోలలో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. మిద్దె అయితే గాలీ ఉంటుంది, టీ కూడా కిందినుంచే వస్తుంది. టీ మాత్రం ఆ ఇంటి ఆడవాళ్ళ నెత్తిన వెయ్యకండి. మేం ఫ్లాస్కుతో బయటినుంచే తెప్పిస్తాం.

వాట్సాప్ గ్రూపు ఉండాల్సిందే, కానీ కలిసే రోజు వరకు అందులో నవల గురించి ఒక్క మాటా వద్దు. ముందే అక్కడ కొట్లాడుకుంటే మిద్దె మీద మాట్లాడేందుకేమీ మిగలదు. పండగ శుభాకాంక్షల బొమ్మలు వేరే గ్రూపులో పెట్టుకోమనండి, ఇది మాత్రం కాస్త కటువుగానే చెప్పాలి.

ఇక చదవకుండా వచ్చేవాళ్ళు. రానివ్వండి. మేం మొదట్లో చదివినవాళ్ళే రావాలన్నాం, మెడికల్ కాలేజీ పిల్లలు పరీక్షల నెలల్లో మానేసి, సిగ్గుపడి ఆ తర్వాత కూడా రాలేదు. ఇప్పుడు ఎవరైనా రావచ్చు, కాకపోతే ఎక్కడివరకు చదివారో, ఎందుకు ఆపేశారో కూర్చోగానే చెప్పాలి. ‘నలభయ్యో పేజీలో ఆపేశాను, ఆ తల్లి ఏడుపు భరించలేకపోయాను’ అని ఒకామె అంటే ఆ నెల చర్చంతా ఆ ఏడుపు మీదే నడిచింది. కథ ముగింపు తెలిసిపోతుందని మాత్రం వాళ్ళ కోసం ఎవరూ మాట ఆపుకోరు, అది కూడా ముందే చెప్పెయ్యండి. ఆరేడుగురు దొరికితే మొదలుపెట్టవచ్చు. పది దాటితే రెండుగా కూర్చోండి, లేకపోతే నోరున్నవాళ్ళే మాట్లాడతారు.