చూస్తుంటే వచ్చినట్టే ఉంటుంది

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బీజగణితం పాఠాలు ఆన్‌లైన్ వీడియోల్లో చూసి, అన్నీ అర్థమయ్యాయంటుంది. తీరా లెక్క ఇస్తే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. వీడియోలు మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండమ్మా. అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు, తనకు నిజంగానే అర్థమైనట్టు అనిపిస్తోంది. చక్కగా బోధించేవారు ఒక్కొక్క మెట్టూ వేసుకుంటూ పోతుంటే ప్రతిదీ తేలికగానే తోస్తుంది. అయితే తరువాత ఏం చేయాలో తేల్చుకునే పనంతా అక్కడ బోధించేవారే చేస్తున్నారు. లెక్క ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు మీ అమ్మాయికి కావలసింది సరిగ్గా ఆ పనే.

రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని రెండుసార్లు చదివారు. మిగిలినవారు ఒకసారే చదివి, రెండోసారి దాన్ని చూడకుండా గుర్తున్నంత రాశారు. 5 నిమిషాల తరువాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవారిదే పైచేయి. వారం తరువాత పెడితే మాత్రం వారికి 42 శాతం గుర్తుంటే, రాసినవారికి 56 శాతం గుర్తుంది. అర్థం కాలేదని అదే వీడియోను మళ్లీ మళ్లీ చూడడం కూడా ఆ రెండోసారి చదవడం లాంటిదేనని నా అభిప్రాయం.

కాబట్టి చూసే తీరు మార్చండి. ఒక సంఖ్యలోంచి 2 తీసివేసి, మిగిలినదాన్ని 3తో గుణిస్తే 12 వచ్చిందనే సమీకరణం తెర మీద కనబడిందనుకోండి. అక్కడే వీడియో ఆపి, ముందుగా తననే చేయమనండి. బ్రాకెట్ విప్పాలా, రెండు వైపులా 3తో భాగించాలా అని కాసేపు తటపటాయించనివ్వండి. తప్పు చేసినా నష్టం లేదు, ఆ తరువాత వీడియోలో ఏ మెట్టు కోసం చూడాలో తనకు తెలిసి ఉంటుంది. పాఠం పూర్తయ్యాక నోట్సు మూసి అదే లెక్క మళ్లీ చేయాలి, రెండు మూడు రోజులు పోయాక మరోసారి. వీడియోలు చిన్నవే ఎంచుకోండి. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ బోధన వేదిక కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా కనీసం సగం వీక్షణలు 6 నిమిషాలు దాటలేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఐదో తరగతి. ఆన్‌లైన్‌లో లెక్కల ఆటలు ఆడి రోజూ బోలెడు నక్షత్రాలు తెచ్చుకుంటున్నాడు. దీన్ని చదువు అనుకోవాలా, కాలక్షేపం అనుకోవాలా?

జవాబు: ఆ సంగతి నక్షత్రాలను బట్టి తెలియదు. ఒకరోజు పక్కన కూర్చుని, గెలవడానికి అతను ఏం చేయవలసి వస్తోందో గమనించండి. సరైన జవాబున్న బుడగను తాకితే పగిలే ఆటలో, నాలుగు బుడగలనూ వరుసగా తాకుకుంటూ పోయినా ఎప్పుడో ఒకప్పుడు నక్షత్రం వస్తుంది. ఎక్కాలు చటుక్కున గుర్తుకు రావడానికి అలాంటివి పనికొస్తాయి, అంతవరకే. మరో రకం ఆటలో 0కూ 1కీ మధ్య గీసిన గీత మీద 2/3 ఎక్కడుంటుందో, 3/5 ఎక్కడుంటుందో పిల్లవాడే గుర్తు పెట్టాలి. అంకెలు పెద్దవి కదా అని 3/5ను 2/3కు కుడివైపున పెడితే, గీతను 15 భాగాలు చేసి చూపగానే ఒకటి 9వ గుర్తు దగ్గర, మరొకటి 10వ గుర్తు దగ్గర కనిపిస్తాయి. భిన్నం అర్థమైతే తప్ప గెలవలేని ఇలాంటి ఆటనే నేను చదువు అంటాను.

పెద్ద తరగతులకు వెళ్లాక ఫెట్ అనుకరణలు, అంటే బొమ్మలు కదుపుతూ తెర మీదే చేసి చూసే సైన్సు ప్రయోగాలు, చూపించండి. భౌతిక శాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఆ ప్రాజెక్టు ఇప్పటికీ ఉచితమే. బ్యాటరీకి రెండో బల్బును శ్రేణిలో, అంటే మొదటిదాని వెనుకే అదే తీగలో, కలపకముందే, మొదటి బల్బు వెలుగు పెరుగుతుందో తగ్గుతుందో కాగితం మీద రాయించండి. ఊహ రాయకుండా బొమ్మలు కదుపుతూ పోతే మిగిలేది వేళ్ల కదలికే.

ప్రశ్న: పదో తరగతి చదువుతున్న మేం ఆరుగురం ఆన్‌లైన్‌లో కలిసి చదువుకుంటాం. ఎవరికైనా లెక్క రాకపోతే, బాగా చదివే స్నేహితుడు జవాబు ఫొటో పెడతాడు. నాకు మాత్రం మార్కులు పెరగడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ ఫొటోలు ఆపమని అతన్ని అడుగు బాబూ. అతను మొదటి మెట్టు మాత్రమే చెబితే చాలు. హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల నుంచి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. ఒక ప్రశ్నకు ప్రతి విద్యార్థీ మొదట విడిగా జవాబు ఎంచుకోవాలి, తరువాత పక్కవారితో వాదించాలి, ఆపైన మళ్లీ జవాబివ్వాలి.

మీరూ అలా చేసి చూడండి. పైకి విసిరిన బంతి శిఖరాన ఉన్న క్షణంలో దాని త్వరణం, అంటే వేగం మారే రేటు, ఎంత? ఆరుగురూ జవాబునూ ఒక వాక్యంలో కారణాన్నీ రాసుకుని, ఒకేసారి పంపుకోండి. వేగం సున్నా కనుక త్వరణమూ సున్నాయేనని కొందరు తప్పక రాస్తారు. అప్పుడు ఒకరు, త్వరణం సున్నా అయితే బంతి అక్కడే నిలిచిపోవాలి కదా, మరి కిందికి ఎందుకు వస్తోందని అడగాలి. భూమి ఆకర్షణ ఆ క్షణంలోనూ ఆగదు, త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల చొప్పున కిందివైపే ఉంటుంది. ఈ మాట ఇప్పుడిప్పుడే అర్థమైన వాడి నోట వింటే మిగిలిన వారికి బాగా ఎక్కుతుంది, ఎందుకంటే తాను ఎక్కడ తడబడ్డాడో అతనికింకా గుర్తుంటుంది. అయితే ఆరుగురూ కలిసి తప్పు జవాబు మీద స్థిరపడే ప్రమాదమూ ఉంది. చివరకు పాఠ్యపుస్తకంతో సరిచూసుకోండి. అప్పటికీ తేలకపోతే, మీ మీ వాదనలన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్లి ఉపాధ్యాయుణ్ణి అడగండి.